ఎత్తిన చెయ్యి

చెయ్యెత్తితే బండి ఆగుతుంది. పంతొమ్మిదేళ్లుగా ఆగుతూనే వచ్చింది కదా. మరి ఆదివారం ఎందుకు ఆగలేదు?

యశోద జహనుమాలోని బడి గేటు ముందు పిల్లలను జతలు జతలుగా నిలబెడుతోంది. ఆయమ్మలకిచ్చే ఆకుపచ్చ చీర, పగిలిన మడమలు. ఆమె కుడిచెయ్యి మోచేతిదాకా ఎండకు నల్లబడింది. ఎడమది అంతగా నల్లబడలేదు. రోడ్డు దాటించమన్నారే గాని, ఎలా దాటాలో నేర్పమని ఆమెకెవరూ చెప్పలేదు. తోచింది తానే నేర్పింది.

"చెయ్యి చూపియ్యుర్రి. ఉరకొద్దు. బండే ఆగుతది."

చెయ్యెత్తింది. ఆటోలు ఆగాయి.

"ఇంకా ఎంతున్నదమ్మా నీ బారాత్?" అన్నాడు ఆటో సలీం.

"నీ పెండ్లికి గింతమంది రాలేదని కుళ్లా? ఆగు భాయ్."

నోరు అలవాటుగా జవాబిచ్చేసింది. మరుక్షణం సిగ్గేసింది. రోడ్డుకు అవతల అమల నిలబడి ఉంది, చిన్నకొడుకు బబ్లూ కోసం. పెద్దవాడు పింటూ మొన్న శనివారం దాకా ఈ వరుసలోనే నడిచాడు. ఆదివారం కంచన్‌బాగ్ రోడ్డు మీద ఇసుక లారీ కింద పోయాడు.

పొద్దున గేటు దగ్గర అమల అన్న మాట యశోదను రోజంతా వదలలేదు.

"ఉరికితె బతుకుతుండె అక్కా. లారీ ముంగట చెయ్యి లేపి నిలవడ్డడంట. గట్లెందుకు నిలవడ్డడు? చెప్పింది ఇనమని నేనే మస్తు కొడుతుంటి. భయానికి కాళ్లు ఆడలేదేమో."

యశోద అప్పుడు ఊఁ కొట్టింది.

చివరికి బబ్లూ ఒక్కడే మిగిలాడు. ఊడిన చెప్పు పట్టీ పెట్టడానికి ఆమె వాడి పక్కన గొంతుకూర్చుంది. నీళ్ల ట్యాంకర్ ఒకటి వస్తోంది. బబ్లూ ధీమాగా చెయ్యెత్తాడు.

అక్కడినుంచి ఆమెకు చక్రం కనిపించింది, బంపర్ కనిపించింది, నంబరు పలక కనిపించింది. డ్రైవర్ మొహం మాత్రం కనిపించలేదు. ఇక్కడికి వాడు కనిపించకపోతే, వాడికి ఈ చెయ్యి ఎక్కడ కనిపిస్తుంది? ఇన్నేళ్లూ ఆగింది ఎత్తిన చేతికి కాదు. ఆకుపచ్చ చీర కట్టిన పెద్దమనిషికి.

ఎవరూ అడగరు. బడివాళ్లకు తెలియదు. నోరు మూసుకుంటే ఇంకో పదేళ్లు గడిచిపోతాయి, అమల కొట్టిన తన చేతులనే తిట్టుకుంటూ ఉంటుంది.

యశోద ఆ చిన్నచేతిని కిందికి దించింది. ట్యాంకర్ పోయేదాకా ఆగి, వాణ్ని చంకనెత్తుకుని రోడ్డు దాటింది. అమల చేతులు చాచింది.

"పింటూ భయపడి నిలవడలేదమ్మా," అంది యశోద. "గట్ల నిలవడమని నేర్పింది నేను."