తిరిగొచ్చిన మెయిళ్ళ పెట్టె

మా అల్లుడు కంటి ఆసుపత్రిలో మెయిళ్ళ అధికారి. రోగులందరికీ ఒకేసారి మెయిళ్ళు పంపే సర్వర్ అతని చేతిలో ఉంటుంది. దాని గురించి చెప్పేటప్పుడు అతని మెడ చూడాలి, కోడిపుంజు కూడా సిగ్గుపడుతుంది.

ఆ సోమవారం కాలరెగరేసుకుంటూ భోజనానికి వచ్చాడు.

"అత్తయ్యా, మా ఆసుపత్రి ఇచ్చిన కంటి చుక్కల మందు పాడైందట. ఎవరూ వేసుకోవద్దని ముప్పై వేల మందికి మెయిల్ కొట్టేశా. ఒక్క నొక్కు!"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. అవే చుక్కలు పొద్దున రెండు కళ్ళలోనూ వేసుకున్నాను. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్న కళ్ళు ఇవి.

"నాకు రాలేదే?"

"వచ్చే ఉంటుంది. నాకొచ్చింది, మా మేనేజరుకొచ్చింది."

వాళ్ళిద్దరి మెయిళ్ళూ ఆ సర్వర్‌లోనివే, గడప దాటే పనే లేదు. తన వంట తానే తిని, ఊరంతా మెచ్చుకుందని చాటుకున్నట్టుంది.

ఫోన్ తీసి వెతికాను. చెత్త మెయిళ్ళలో దొరికింది, లాటరీ తగిలిందన్న మెయిలుకూ బట్టతల మీద జుట్టు మొలిపిస్తామన్న మెయిలుకూ మధ్యన.

"మీరేదో నొక్కేసి ఉంటారు," అన్నాడు ముద్ద నములుతూ.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఎదురింటి కుట్టుపని ఆవిడ గుర్తొచ్చింది. ఆమెకు చూపున్నది ఒక్క కంటికే. అదే ఆసుపత్రి, అవే చుక్కలు. రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు వేసుకుంటుంది. గడియారం చూస్తే ఐదు నిమిషాలే తక్కువ. చెప్పులు లేకుండానే పరుగెత్తాను. తల వెనక్కి వాల్చి, సీసా కంటిపైకి వంచి కూర్చుని ఉంది.

"ఆగు తల్లీ!"

"ఏంటి వదినా, గుండె ఆగిపోయింది!"

"గుండె ఆగినా పరవాలేదు, చుక్క పడకూడదు."

ఆమె ఫోన్లోనూ అది చెత్తలోనే ఉంది.

తిరిగొచ్చేసరికి మా అమ్మాయి అతని ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది.

"ఏమండీ, చేరని మెయిళ్ళు వెనక్కొస్తాయి కదా. అవెక్కడ?"

"వాటికి వేరే పెట్టె పెట్టా. ఊరికే అడ్డమొస్తుంటేనూ."

"ఎప్పుడైనా తెరిచి చూశారా?"

"చూడకూడదనే కదా పెట్టింది!"

తెరిచింది. లక్షల్లో ఉన్నాయి. పైపైనే మా ఆయన పేరు. ఆయన పోయి నాలుగేళ్ళు, ఆయన మెయిలు మూయించీ నాలుగేళ్ళే. కంటి పరీక్షకు రమ్మని నెలనెలా ఆయనకు వెళ్తూనే ఉంది, తిరిగొస్తూనే ఉంది. పేరు తీసెయ్యమని అప్పుడే చెప్పాను. "జాబితా తగ్గిపోతుంది అత్తయ్యా, మేనేజరు అడుగుతాడు" అన్నాడు.

"మనుషుల్లేని ఇళ్ళ తలుపులు రోజూ బాదేవాణ్ణి వీధిలో ఏమనుకుంటారండీ?" అంది మా అమ్మాయి. "మెయిల్ కంపెనీలూ అదే అనుకుంటాయి. అందుకే మీరేం పంపినా చెత్తలోకే."

అల్లుడు ఆసుపత్రికి ఫోన్ చేశాడు. నర్సులు రెండు రోజులు కూర్చుని ఆ చుక్కలు వాడుతున్న ఒక్కొక్కరికీ ఫోన్లు చేశారు. డాక్టరు నా కళ్ళు చూసి భయం లేదన్నాడు. అల్లుడేమో తిరిగొచ్చిన పేర్లన్నీ తీసేసి, మెయిళ్ళు తెరిచే అలవాటున్నవాళ్ళతో మొదలెట్టి, మెయిల్ కంపెనీలకు మళ్ళీ నమ్మకం కుదిరేలా రోజుకు కొన్ని వందల చొప్పున పంపసాగాడు.

"పంతొమ్మిది వేల మంది పోయారత్తయ్యా," అన్నాడు దిగులుగా.

"పోలేదు అల్లుడు గారూ, లేరు. లేనివాళ్ళను చూసుకునే ఇన్నాళ్ళూ కాలరెగరేశారు."

మూడు వారాల తర్వాత, కొత్త చుక్కలు వచ్చాయని మెయిల్ వచ్చింది. చెత్తలోకి కాదు, ఉండాల్సిన చోటికే. కళ్ళజోడు పెట్టుకుని అక్షరం వదలకుండా చదివాను. అల్లుడు నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"చూశారా? నా సర్వర్ అంటే ఏమనుకున్నారు!"

గరిటె కోసం చూశాను. మా అమ్మాయి ముందే దాచేసింది.