గీత అవతలి చుక్క

సున్నం కంట్లో పడిన మనిషికి నీళ్ళు కావాలి. మరేమీ అక్కర్లేదు. ఆ రోజు జ్ఞానమ్మకు పది అడుగుల దూరంలో నిండు బావి ఉంది. నీళ్ళు మాత్రం అందలేదు.

గురజాల దగ్గర వీరరాఘవయ్య సున్నపు బట్టీలవి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం. కాల్చిన రాళ్ళ మీద నీళ్ళు పోస్తుంటే అవి కుతకుతలాడి ఒక్కసారిగా చిందాయి. జ్ఞానమ్మ కన్ను పట్టుకుని బావి వైపు పరుగెత్తింది. బావికి ఇవతల నేల మీద అడ్డంగా తెల్లని సున్నపు గీత. అంటరానివాళ్ళు దాటకూడదని వీరరాఘవయ్య గీయించిన గీత అది. బావి ఆయన సొత్తు కాదు, జిల్లా బోర్డు అందరి కోసం తవ్వించింది. అయినా గీత ఆయనదే.

"ఆగవే! దాటావంటే కాళ్ళిరగ్గొడతా," అని మేస్త్రీ కర్ర అడ్డం పెట్టాడు.

"అయ్యా, కన్ను పోతందయ్యా!"

"తొట్లో నీళ్ళు లేవూ? కడుక్కో పో."

తొట్టిలో ఉన్నవి సున్నపు నీళ్ళు. వాటితో కడిగితే ఉన్న కన్నూ పోతుంది. ఆ సంగతి మేస్త్రీకి తెలియక కాదు. పక్క బట్టీలో పనిచేసే హజ్రా బీకి గీత అడ్డం లేదు. కేకలు విని ఆమె పరుగున వచ్చి చేద తోడి పోసేసరికి, జ్ఞానమ్మ కన్ను పాలపొర కమ్మినట్టు తెల్లబడిపోయింది.

జ్ఞానమ్మ కూతురు దయామణి అక్కడే ఉంది. మిషన్ బళ్ళో కొన్నాళ్ళు చదివిన పిల్ల. పదిమందిలో నోరు విప్పదు. ఆ రోజూ అరవలేదు. తల్లి వెంట పరుగెత్తిన కాళ్ళు గీత దగ్గర వాటంతటవే ఆగిపోయాయి. కర్రను చూసి ఆగిన కాళ్ళు కావవి. గీతను చూసి ఆగినవి. ఆ మాటే ఆమెను లోపల కాల్చింది. అమ్మకూ నీళ్ళకూ మధ్య ఉన్నది గోడ కాదు, కంచె కాదు. తాము కాల్చి, జల్లించి, తట్టలకెత్తిన సున్నం.

ఆదివారం ప్రార్థన అయ్యాక వాడంతా గుడిపాక ముందు కూర్చుంది. గురజాలలో సైకిళ్ళు బాగుచేసే దావూద్ వచ్చాడు. కూలీల సంఘం పెట్టిన మనిషి.

"నాలుగు బిందెలు గుమ్మరించి ఆ గీత కడిగేద్దాం," అన్నాడు.

"కడగటానికి నీళ్ళెక్కడియ్యి దావూదూ? ఉంటే నా కన్నే కడుక్కునేదాన్నిగా!" అంది జ్ఞానమ్మ, కట్టు కట్టిన కంటి మీద చెయ్యి పెట్టుకుని.

జనం నవ్వారు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"కర్రలు తీసుకుని పోదాం పదండి," అని ఓ కుర్రాడు లేచాడు.

"కూకోరా. ఇయ్యాల చెరిపితే రేపు పొద్దున్నే ఇంకోటి గీస్తాడు. ఆడికి సున్నానికి కరువా?" అని ఓ ముసలాయన అదిలించాడు.

ఎవరికి తోచింది వాళ్ళు అరుస్తున్నారు. దయామణి తల్లి పక్కనే వంగి, మట్టిలో వేలితో ఒక గీత గీసింది. దానికి ఇవతల ఓ చుక్క పెట్టింది. అవతల ఓ చుక్క.

"ఏందే అది?" అంది హజ్రా బీ.

"ముగ్గు పిన్నీ." దయామణి వేలితో రెండు చుక్కల్నీ కలిపింది. "చెరపొద్దు. ఆ గీతనే ముగ్గులో కలుపుదాం."

"కన్ను పోయినింట్లో ముగ్గులేందమ్మా, పండగా?" దావూద్ విసుక్కున్నాడు. "ముగ్గులకి దిగొచ్చే పొగరేనా అది?"

హజ్రా బీ మాత్రం మట్టిలోకే చూస్తోంది. "అవతల చుక్క ఎట్టా పెడతావే, గీత దాటకుండా?"

దయామణి తలెత్తింది.

"దాటే పెడతాం."

జ్ఞానమ్మ కొంగు బిగించి లేచింది. "రేపు తట్టలు ముట్టుకోబాకండి. ముగ్గు చిప్పలు పట్టుకురాండి."

సోమవారం బట్టీ గంట మోగింది. ఒక్క బట్టీ రాజుకోలేదు. మగవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆడవాళ్ళు బావి వైపు నడిచారు. అందరికంటే ముందు దయామణి. గీత దగ్గర కాళ్ళు మళ్ళీ ఆగాయి. ఈసారి దాటింది. దాటి, వంగి, చుక్క పెట్టింది.

మేస్త్రీ కర్ర ఎత్తాడు. ఎత్తిన కర్ర కింద అప్పటికే వాడలోని ఆడవాళ్ళంతా వంగి చుక్కలు పెడుతున్నారు. ఎవరిని కొట్టాలో తెలియక కర్ర గాల్లోనే ఉండిపోయింది. బావి గట్టు వైపు నుంచి హజ్రా బీ వచ్చింది.

"మీ ముగ్గులు నాకు రావే పిల్లా. చేతికేసే గోరింటాకు తీగైతే ఏస్తా."

"ఎయ్యి పిన్నీ. తీగకీ చోటుంది."

గీత కాడైంది. కాడకు ఆకులొచ్చాయి, మెలికలొచ్చాయి. ముగ్గు బావి చప్టా దాకా పాకింది.

వీరరాఘవయ్య బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చాడు. "ఒరేయ్ గురవయ్యా! బండి తోలరా దాని మీదుగా!"

సున్నం బస్తాలు మోసే బండి తోలే గురవయ్య పగ్గం లాగి ఎద్దుల్ని ఆపాడు. "ముగ్గు మీదుగానా అయ్యా?"

"ఈళ్ళు ఏసేది ముగ్గేందిరా!"

"తమ గుమ్మంలో అమ్మగారు ఏసేదీ ఈళ్ళు కాల్చిన సున్నమే గదయ్యా. ముగ్గు ముగ్గే. నేను తోలను." కిందికి దిగి కాడి విప్పేశాడు.

వీరరాఘవయ్య తనే ముగ్గులోకి దిగి బూట్లతో రాచాడు. ఆయన చెరిపిన చోటల్లా వెనకాలే ఒక చెయ్యి వంగి మళ్ళీ కలిపింది. తిరిగి చూసుకుంటే ఆయన గీత ఏదో ఆయనకే కనపడలేదు.

ఆ గందరగోళంలో జ్ఞానమ్మ బావిలోకి చేద వదిలింది. తన చేత్తో తను తోడుకుంది. కట్టు విప్పి ముఖం కడుక్కుంది. పోయిన కన్ను కూడా కడిగింది. చూపు రాదని తెలుసు. అయినా కడిగింది.

ఎండ ముదిరేసరికి పోలీసులు దిగారు.

"ముందు గీసిందెవరే?" అన్నాడు జమేదారు.

ఆడవాళ్ళు అరచేతులు చాపారు. సున్నం పని చేసేవాళ్ళ చేతులు ఎప్పుడూ తెల్లనే. జమేదారు ఒక్కొక్క చెయ్యీ చూసి తల గోక్కున్నాడు.

"నేనే," అంది దయామణి. అంతమందిలో, అందరికీ వినపడేట్టు.

"కాదు, నేను," అంటూ జ్ఞానమ్మ ముందుకొచ్చింది.

"ఇద్దర్నీ నడిపించండి!"

"ఏం నేరమని రాస్తారు జమేదారు గారూ?" దావూద్ అరిచాడు. "ముగ్గేశారని రాసుకోండి! కోర్టులో చదువుతుంటే మేమూ వచ్చి వింటాం!"

చిప్పల్లోంచి చెరో పిడికెడు ముగ్గు పట్టుకున్న తల్లీకూతుళ్ళను గురజాల బాట పట్టించారు. దయామణి పిడికిలి కొంచెం వదులు చేసింది. వేళ్ళ సందుల్లోంచి ముగ్గు సన్నగా జారింది. బావి దగ్గరి తీగ కొసనుంచి బయల్దేరిన తెల్లని చార బాట వెంట సాగింది. ఆమె పిడికిలి ఖాళీ కాగానే జ్ఞానమ్మ తన పిడికిలి విప్పింది. ఆ తర్వాత వెనకే వస్తున్న హజ్రా బీ. ఆమె వెనక వాడంతా ఉంది, చిప్పల నిండా ముగ్గుంది.

ఠాణా మెట్ల ముందు పోలీసు ఆగి వెనక్కి చూశాడు. గీత ఎక్కడా తెగలేదు.

దయామణి హజ్రా బీ చిప్పలోంచి చిటికెడు ముగ్గు తీసుకుంది. మెట్టెక్కి, వంగి, ఠాణా గడపకు అవతల చుక్క పెట్టింది.