వెంకాయమ్మ వాయిదా

గంజినీళ్ళల్లో ముంచి తీసిన తెల్ల బ్యాండ్లను జోజిబాబు బల్ల మీద పరిచి అరచేత్తో ముడతలు సాగదీస్తున్నాడు. లాయర్లు మెడకి కట్టుకునే ఆ రెండు తోకల గుడ్డముక్కలు ఇప్పుడు ప్లాస్టిక్‌వి కూడా దొరుకుతున్నాయి, తడిగుడ్డతో తుడుచుకుంటే చాలు. ఆయనకి నచ్చవు. భార్య కరుణమ్మ బతికున్నన్నాళ్ళూ ఆవిడే గంజి పెట్టేది. ఆరేళ్ళుగా ఈయన పెట్టుకుంటున్నాడు గానీ ఆ బిరుసు రావడం లేదు. అరవై ఏడేళ్ళ బక్క మనిషి, పొడుగు మెడ కాస్త ముందుకి వంగి ఉంటుంది, గుండెకి రెండు స్టెంట్లు. ఇస్త్రీపెట్టె నొక్కుతుంటే ఎడంచెయ్యి లాగింది. లాగితే లాగనీ అనుకున్నాడు. ఇవాళ వెంకాయమ్మ వాయిదా, రేపటి నుంచి కోర్టుకి వేసవి సెలవులు.

వెంకాయమ్మది చాట్రాయి దగ్గర ఒక పల్లె. మామిడి తోటల్లో కాయ ఏరడానికీ, పెట్టెల్లో గడ్డి పరిచి సర్దడానికీ కూలికి పోయే మనిషి. మూడు సెంట్ల పట్టా స్థలంలో ఒక పక్క ఇల్లు, ఒక పక్క రేకుల షెడ్డు. ఆదివారం ఆ షెడ్డులో పాతికమంది కూర్చుని పాటలు పాడుకుని ప్రార్థన చేసుకునేవాళ్ళు. పదకొండేళ్ళపాటు ఊళ్ళో ఎవరికీ చెవినొప్పి రాలేదు. రెండేళ్ళ కిందట మోటారు సైకిళ్ళకి జెండాలు కట్టుకుని కొందరు కుర్రాళ్ళు వచ్చారు. ఈ దేశంలో పుట్టి పరాయి దేవుణ్ణి మొక్కుతారా అని అరిచి పోయారు. మర్నాడు పంచాయతీవాళ్ళు అనుమతి లేని కట్టడమని షెడ్డుకి తాళం వేశారు. ఎదురుగా ఉన్న కిళ్ళీబడ్డీకి లేదా అనుమతి? పక్కన గొడ్లపాకకి ఉందా? పాటకి మాత్రం కావాల్సొచ్చింది. ఆ తాళం తీయించమని జోజిబాబు దావా వేశాడు.

ఇలాంటి దావాలు ఆయన ముప్పై ఎనిమిదేళ్ళుగా వేస్తున్నాడు. పాస్టర్లని స్టేషన్లో కూర్చోబెడితే ఈయనే వెళ్ళాలి. దర్గా దారికి ఎవరో కంచె వేస్తే ఈయనే. అమ్మవారి గుడి మెట్లెక్కనివ్వలేదని ఎస్సీ పేటవాళ్ళు ఏడుస్తూ వస్తే, బొట్టు లేని ఈ మొహమే వెళ్ళి అమ్మవారి తరఫున కూడా వాదించి గెలిచింది. "దేశం ఎవరిదో తేల్చడానికి దేవుణ్ణి సాక్షిగా పిలిస్తే, కేసూ పోతుంది, దేవుడూ పోతాడు" అని బార్ రూములో అనేవాడు. కుర్ర లాయర్లు నవ్వేవాళ్ళు. ఈమధ్య నవ్వడం మానేశారు, ఆయన రాగానే మాట మారుస్తున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే కథ ముందుకి పోదు. ఆ పేటల్లో చాలామందికి ఇంట్లో ఒక మతం, కాయితంలో ఒక మతం. ఎస్సీలు క్రైస్తవం పుచ్చుకుంటే ఎస్సీలు కారని చట్టం, ఒక్క శాతం రిజర్వేషనుండే బీసీ-సిలోకి మార్చేస్తారు. ఆ పేరు మారిందంటే సీటు పోతుంది, ఉద్యోగం పోతుంది. అందుకని ఆదివారం ప్రార్థన, రికార్డులో హిందువు. పేదవాడు బతకాలి కదా మరి. తహసీల్దారుకి తెలుసు, పాస్టరుకి తెలుసు, ఎవరూ నోరెత్తరు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు జోజిబాబు ఒక్కడే మున్సిఫ్ ఉద్యోగం దరఖాస్తులో క్రైస్తవుణ్ణని రాసుకున్నాడు. ఉద్యోగం రాలేదు. కూతురు కీర్తిప్రియకీ అలాగే రాయించాడు. మెడిసిన్ సీటు నాలుగు మార్కుల్లో జారిపోయింది. ఆ పిల్ల అరవలేదు, అన్నం మానలేదు. "నిజం మీరు చెప్పారు నాన్నా, సీటు నాది పోయింది" అంది. ఇప్పుడు ఉంగుటూరులో పిల్లలకి సైన్సు చెబుతోంది. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు, ఎత్తి ఉంటే ఆయనకి కాస్త తేలికయ్యేది.

కోర్టు వరండాలో వెంకాయమ్మ ఉతికిన చీరలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. వేళ్ళ సందుల్లో మామిడి తొడిమ జీడి కాల్చిన నల్లమచ్చలు. పక్కన గుమాస్తా హనుమయ్య, నుదుట అడ్డంగా విభూతి, చంకలో కట్టలు. ఇరవై ఆరేళ్ళుగా జోజిబాబు దగ్గరే ఉన్నాడు.

"బాబుగారూ, అవతలి లాయరుగారు నీ మతం ఏంటని అడుగుతాడంటగా. ఏం చెప్పమంటారు?" అంది వెంకాయమ్మ.

నిజం చెప్పమ్మా అని ముప్పై ఎనిమిదేళ్ళుగా ప్రతి సాక్షికీ చెప్పిన మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"మా రోజా ఇంజనీరింగు మూడో సంవత్సరమండి. సీటు ఆ ఎస్సీ సర్టిఫికెట్టు మీదే వచ్చింది. మనవరాలి నోటి కాడ కూడు నేను తీసినట్టవుద్దేమోనని రాత్రంతా నిద్ర లేదు."

క్రైస్తవురాలినంటే రోజా సీటు పోతుంది. కాదంటే, మరి ప్రార్థన షెడ్డు ఎందుకని దావా పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. జోజిబాబు లోపలికి నడిచాడు.

పంచాయతీ తరఫు లాయరు నారాయణరావు ఆయన ఈడువాడే. ఇద్దరూ ఒకే ఏడు నల్లకోటు వేసుకున్నారు. జోజిబాబు ఆయన్ని కిటికీ దగ్గరికి పిలిచాడు.

"నారాయణరావూ, మతం ప్రశ్న అడక్కు."

నారాయణరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇన్నేళ్ళల్లో నన్ను ఒక్కటి అడిగావు కాదు. ఇవాళ నువ్వు అడుగుతుంటే నాకే సిగ్గుగా ఉంది. కానీ వెనక బెంచీ చూడు. ప్రశ్నలు వాళ్ళు రాసుకొచ్చి ఇచ్చారు. నేను అడక్కపోతే సెలవులయ్యాక ఇంకొకడు అడుగుతాడు."

వెనక బెంచీలో ఆ జెండాల కుర్రాళ్ళు ముగ్గురు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు.

వెంకాయమ్మ బోనెక్కింది. పట్టా గురించి, షెడ్డు కొలతల గురించి ప్రశ్నలయ్యాయి. తడుముకోకుండా చెప్పింది. అప్పుడు నారాయణరావు కాయితంలోకి చూస్తూ, "నువ్వు క్రైస్తవురాలివా?" అన్నాడు. జోజిబాబు లేచి అభ్యంతరం చెప్పాడు, దావా స్థలం గురించి గానీ సాక్షి మతం గురించి కాదన్నాడు. జడ్జిగారు ఒక క్షణం ఆలోచించి, ప్రార్థన హక్కు అడిగినప్పుడు ఆ ప్రశ్న తప్పదన్నారు.

వెంకాయమ్మ జోజిబాబు వైపు చూసింది.

ఆ చూపులో ఆయనకి రోజా కనిపించలేదు, ఆ పిల్లని ఆయన చూడనే లేదు. తలవంచుకుని నిలబడ్డ పద్దెనిమిదేళ్ళ కీర్తిప్రియ కనిపించింది. జోజిబాబు తల అడ్డంగా ఆడించాడు. ఒక్క రవ్వంత. జడ్జిగారు రాసుకుంటున్నారు, చూడలేదు. నారాయణరావు చూసి కాయితంలోకి తలదించుకున్నాడు.

"కాదండి. హిందువులమేనండి" అంది వెంకాయమ్మ.

"మరి ఆ షెడ్డు ఎందుకు?"

"ఊరికే కట్టుకున్నానండి."

దావా అక్కడితో చచ్చిపోయింది. నారాయణరావు మిగిలిన ప్రశ్నలు అడక్కుండానే కూర్చున్నాడు. వెనక బెంచీ కుర్రాళ్ళలో ఒకడు నవ్వుతూ లేచి వెళ్ళాడు.

బయట వేపచెట్టు కింద వెంకాయమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ నిలబడింది. జోజిబాబు దగ్గరికి వెళ్ళాడు.

"ఆ పాపం నాదమ్మా. తల ఆడించింది నేను."

"మీరు ఆడించకపోయినా అదే చెప్పేదాన్నేమోనండి. ఏమో మరి, నాకే తెలవట్లేదు. అదే బాధగా ఉంది." చంకలో సంచి సర్దుకుని, "ఇంక పాట పాడలేనండి బాబుగారూ. ఏ మొహం పెట్టుకుని పాడను?" అంది. బస్సు టైమయిందని వెళ్ళిపోయింది.

జోజిబాబు బార్ రూములో తన కుర్చీలో కూర్చున్నాడు. అన్నం క్యారేజీ విప్పలేదు. హనుమయ్య దగ్గర స్టాంపు అంటించి సిద్ధంగా ఉంచిన తెల్లకాయితం ఒకటి అడిగి తీసుకున్నాడు. సంతకం చెయ్యాల్సిన చోట పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి ఉంచడం హనుమయ్యకి అలవాటు. జోజిబాబు చాలాసేపు రాశాడు. హనుమయ్య టీ తేవడానికి వెళ్ళాడు. బయట మామిడి లారీలు అడ్డం పడి టీ కొట్టు దగ్గర కాస్త ఆలస్యమైంది. తిరిగొచ్చేసరికి జోజిబాబు గోడకి తల ఆనించి ఉన్నాడు. హనుమయ్య గ్లాసు బల్ల మీద పెట్టి, "అయ్యగారూ, టీ" అన్నాడు. రెండోసారి అన్నాక చెయ్యి పట్టుకు చూశాడు. చల్లగా ఉంది.

అందరూ పరిగెత్తుకొచ్చేలోగా హనుమయ్య ఆ కాయితం చదివాడు. సాక్షి చెప్పిన జవాబు తన సైగ వల్ల వచ్చిందని, తప్పు ఆమెది కాదని, ఆ సాక్ష్యం కొట్టేసి ఆమెని మళ్ళీ విచారించమని, తన మీద చర్య తీసుకోమని కోర్టువారికి మనవి. అంతా తెలుగులో, ఒక్క కొట్టివేత లేకుండా. సంతకం మాత్రం లేదు. కలం జేబులో ఉంది, మూత బిగించి. రాయడం పూర్తిచేసి, సంతకం పెట్టకూడదనే అనుకున్నారని హనుమయ్యకి అర్థమైంది. ఇది కోర్టుకి వెళ్తే వెంకాయమ్మ మళ్ళీ బోనెక్కాలి, రోజా సీటు మళ్ళీ గాల్లోకి లేవాలి. హనుమయ్య దాన్ని మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు.

సాయంత్రానికి కీర్తిప్రియ ఇంటికి వచ్చింది. తండ్రి పాదాల దగ్గర కూర్చుంది, ఏడవలేదు. జనం పలచబడ్డాక హనుమయ్య ఆ కాయితం ఆమె చేతిలో పెట్టి, జరిగింది చెప్పాడు. దాచలేకపోయాడు, పారెయ్యలేకపోయాడు.

ఆమె రెండుసార్లు చదివింది.

"పోయేది నా సీటైతే సంతకం పెట్టేవారు హనుమయ్యగారూ" అంది. అప్పుడు ఏడ్చింది, పదిహేడేళ్ళ ఏడుపంతా ఏడ్చింది. ఏడుస్తూనే తండ్రి పాదాలు రెండు చేతులతో పట్టుకుని, "మంచి పని చేశారు నాన్నా" అంది.

కాయితం ఆమె ఒళ్ళో విప్పే ఉంది. అడుగున కుడిపక్క, పెన్సిలుతో పెట్టిన ఇంటూ గుర్తు ముందు, నాలుగు వేళ్ళంత చోటు తెల్లగా ఉంది.