నీళ్ళకే పోయే జిడ్డు

నేను కుళాయి కింద గుడ్డ పిండుతున్నాను. పొద్దున్నే నాన్న కారు తుడవడం, ఆ గుడ్డ నేను ఉతికి ఆరేయడం రోజూ ఉండే పనే. కారు మా బావది. అక్కా, బావా, పాపా పై వాటాలో ఉంటారు. నాన్నా నేనూ కింద. అది పాత కారే, పోయిన నెల కొన్నాడు బావ. కొనేముందు ఎవరినీ ఒక్క మాట అడగలేదు. కొన్నాక మాత్రం ఎంత చవగ్గా కొట్టేశాడో మా వీధిలో విననివాళ్ళు లేరు.

ఆ రోజు అక్క మొదటిసారి ఒంటరిగా కారు నడపాలి. వీధి చివర పల్లంలోకి దిగి, పాపను బడి దగ్గర వదిలి, ఆఫీసుకు వెళ్ళాలి. బస్సులో నిలబడి వెళ్ళే బాధ తప్పుతుందని ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తోంది. పాప సంచీ అప్పుడే వెనక సీటెక్కింది.

అక్క తాళం తిప్పింది.

"ఏవండీ, మళ్ళీ ఎర్ర లైటు. నిన్న మలుపు తిరిగినప్పుడు వెలిగి ఆరిపోయింది. ఇవాళ ఆరట్లేదు."

"హ్యాండ్‌బ్రేకు దించావా?"

"దించాను."

బావ వచ్చి తనే పైకి లాగి మళ్ళీ దించాడు.

"నేను దించితే దిగదనుకున్నారా?" అంది అక్క.

"అది కాదే. పాత కార్లలో లైట్లు ఇలాగే అబద్ధాలు చెప్తుంటాయి."

అయినా బానెట్ ఎత్తి చూశాడు. బ్రేక్ ఆయిల్ ఉండే చిన్న తెల్ల డబ్బాలో ఆయిలు కింది గీతకన్నా దిగిపోయి ఉంది. "ఇంతేనా!" అంటూ డిక్కీలోంచి సీసా తెచ్చి పోశాడు. కారు అమ్మినవాడు ఊరికే ఇచ్చిన సీసా అది. లైటు ఆరిపోయింది.

"చూశావా? ఇక బయల్దేరు."

"ఉన్న ఆయిలు ఏమైంది బావా?" అన్నాను.

"వాడుతుంటే తగ్గదూ? పెట్రోలు తగ్గట్లేదా? ఏం మరదలా, మెకానిక్ షెడ్డు పెడతావా ఏంటి?"

నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను.

పోసేటప్పుడు కారు అంచు మీద కాస్త ఒలికింది. రంగు పాడవుతుంది, తుడవమన్నాడు బావ. పిండిన గుడ్డతోనే తుడిచి, మళ్ళీ కుళాయి దగ్గరికి వెళ్ళాను. వేళ్ళ మధ్య జారుడుగా ఉంది. సబ్బు అందుకునేలోపే, ఒట్టి నీళ్ళకే పోయింది.

ఈ జారుడు నాకు కొత్త కాదు. రోజూ ఈ గుడ్డలో ఉంటున్నదే.

"నాన్నా, వెనక ఎడమ చక్రం లోపలివైపు జిడ్డుంటోందని అన్నావు కదా, అదేంటి?"

"గ్రీజు. అమ్మినవాడు ధారాళంగా పూసినట్టున్నాడు. ఎంత తుడిచినా మర్నాటికి మళ్ళీ వస్తుంది. మంచి మనిషి."

"గ్రీజైతే సబ్బు పెట్టి బండకేసి రుద్దినా ఓ పట్టాన పోదు నాన్నా. అది ఒట్టి నీళ్ళకే పోతోంది. ఇప్పుడు బావ ఒలకబోసింది కూడా అలాగే పోయింది."

నాన్న నవ్వు ఆగిపోయింది. మోకాళ్ళ మీద వంగి చక్రం వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. వేళ్ళు తడిగా వచ్చాయి. ఆయిలు సీసా మూత తీసి వాసన చూశాడు, తన వేళ్ళూ చూశాడు.

"ఇందాకే తుడిచాను కదమ్మా. అంటే, కారుతుంటే రోజూ నేనే తుడిచేస్తున్నానా?"

"మామయ్యా, మీరు కూడానా! లైటు ఆరిపోయిందిగా," అన్నాడు బావ.

"వెలిగితే అబద్ధం, ఆరితే నిజమా?" అంది అక్క. ఇంజను ఆన్ చేసి బ్రేకు తొక్కి పట్టుకుంది. కాసేపటికి, "బ్రేకు నిలవట్లేదు, కాలు కిందికి పోతోంది," అంది.

"గట్టిగా తొక్కుతున్నావేమో."

"మీరు కూర్చుని చూడండి."

బావ కూర్చున్నాడు. నేను అతని మోకాలినే చూస్తున్నాను. మోకాలు ఆగినట్టే ఆగి, మెల్లమెల్లగా ముందుకు సాగిపోయింది. కాలు తీసి మళ్ళీ తొక్కాడు. మళ్ళీ అంతే.

ఎదురింటాయన గోడ మీదుగా తొంగిచూశాడు. "ఏంటండీ, కొత్త కారు అప్పుడే మొరాయిస్తోందా?"

"అబ్బే, ఏం లేదండీ. ఆవిడ బయల్దేరుతోంది," అన్నాడు బావ, నవ్వు తెచ్చుకుని. ఆయన లోపలికి వెళ్ళేదాకా ఆగి, అక్కతో గొంతు తగ్గించి అన్నాడు. "ఇవాల్టికి మెల్లగా వెళ్ళు. పల్లంలో ఫస్టు గేరులో దిగు. సాయంత్రం మెకానిక్కుకు చూపిద్దాం."

నాన్న ఏదో అనబోయాడు. అక్క నాన్న వైపు చూడలేదు, బావ మొహమే చూస్తోంది. తర్వాత వెనక తలుపు తీసి, పాప సంచీ తన భుజానికి తగిలించుకుంది.

"అమ్మా, కార్లో కదా?" అంది పాప.

అక్క పాప చెయ్యి పట్టుకుని, గేటు తీసి, బస్‌స్టాపు వైపు నడిచింది.