గోడకవతలి శిష్యురాలు

"ఐ రిసెప్షనిస్ట్. ఐ ఫ్రమ్ ఓష్."

వంటింటి గోడకవతలినుంచి ఆ గొంతు వినబడింది. ఆడగొంతు, లేతగొంతు. కాస్త ఆగి మళ్ళీ అవే రెండు ముక్కలు, మళ్ళీ అదే తప్పు. పప్పు ఎనుపుతున్న అనంతలక్ష్మి చేతిలో గుత్తి ఆగిపోయింది. పోపు మాడినా ఓర్చుకోగలదు గాని, తప్పు ఇంగ్లీషును ఓర్చుకోలేని నాలుక ఆమెది. అమలాపురం దగ్గరి హైస్కూల్లో, పదవీ విరమణ దాకా, పిల్లలచేత వల్లె వేయించిన నాలుక.

"ఐ యామ్," అంది గోడతో.

అవతల కాగితం తిప్పిన చప్పుడు. తర్వాత భయంభయంగా, "ఐ... యామ్?"

"ఐ యామ్ ఎ రిసెప్షనిస్ట్. ఐ యామ్ ఫ్రమ్ ఓష్."

గోడ బుద్ధిగా అప్పజెప్పింది.

గల్ఫ్‌లో, అల్ అజీజియా అనే పేటలోని ఆ విల్లాను పలచటి అడ్డగోడలతో నాలుగు వాటాలు చేసి అద్దెకిచ్చారు. ఆమె భర్త వేణుగోపాలరావు ప్రపంచకప్పు కోసం కడుతున్న స్టేడియంలో ఇంజనీరు. తెల్లవారకముందే వెళతాడు, పొద్దుగూకాక వస్తాడు, వచ్చాక కూడా సగం మనిషి సైటులోనే ఉంటాడు. ఇక్కడ ఆమెకు పేరంటూ లేదు. ఆయనకు 'ఇదిగో', ఆయన స్నేహితులకు 'రావుగారి మిసెస్', కొట్టువాళ్ళకు 'మేడమ్'. పేరుపెట్టి పిలిచిన చివరి మనిషి తల్లి. ఆవిడతోపాటే ఆ పిలుపూ పోయింది.

శుక్రవారం సెలవునాడు వేణుగోపాలరావు ఆ పాఠం విన్నాడు.

"ఏమిటిది, గోడకు ట్యూషన్ చెబుతున్నావా? ఫీజెంతేం?"

"మీకంటే నయమండీ. అడిగితే జవాబిస్తోంది."

ఆయన నవ్వాడు. ఇంకేదో అనబోయేలోగా ఫోన్ మోగింది. "యల్లా, యల్లా" అంటూ ఎవరినో తొందరపెట్టి, కాంక్రీటు సంగతి పురమాయిస్తూ గదిలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు గోడ మనిషై గుమ్మంలోకి వచ్చింది. చేతిలో గుండ్రటి రొట్టె. పేరు ఐజాదా, ఊరు కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్. బడిలో చదివింది రష్యన్‌లో. ఇప్పుడు ఒక హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. అదే హోటల్‌వాళ్ళు అల్ వక్రాలో కొత్తది తెరుస్తున్నారు. ఇంటర్వ్యూలో ఇంగ్లీషు మాట్లాడి నెగ్గితే అక్కడ రిసెప్షన్‌లో ఉద్యోగం, అక్కడే బస. ఈ విడత తప్పితే రెండు నెలలకు ఇంకో విడత.

అంటే, పాఠం బాగా చెబితే పిల్ల వెళ్ళిపోతుంది. ఆ సంగతి అనంతలక్ష్మికి మొదటిరోజే తెలుసు. తెలిసే కుర్చీ వేసింది.

రోజూ డ్యూటీ దిగాక ఐజాదా వచ్చేది. రష్యన్‌లో 'యామ్' లేదట, 'ఈజ్' లేదట. 'నేను రిసెప్షనిస్టుని' అంటే చాలునట. తెలుగులోనూ అంతేగా, అనుకుంది అనంతలక్ష్మి. 'నేను ఒంటరిదాన్ని.' క్రియ అక్కర లేకుండానే వాక్యం నిండిపోతుంది.

'ఎ', 'ద' ఇంకా పెద్ద చిక్కు. కొత్తగా ఎదురైన పిల్ల 'ఎ గర్ల్', ఎరుకైన పిల్ల 'ద గర్ల్' అని చెప్పింది.

"మేడమ్, నౌ ఐ యామ్ ద గర్ల్?"

"యూ ఆర్ ద గర్ల్ హూ ఫర్గాట్ హర్ హోంవర్క్," అంది అనంతలక్ష్మి. ఇద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో నవ్వుకు ప్రతిధ్వని ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది.

'మేడమ్' అనడం ఐజాదాకు నచ్చేది కాదు. అది పేరు కాదుగా అనేది. వాళ్ళ బడిలో టీచర్ని ఉత్త పేరుతో పిలవరు, తండ్రిపేరుకు 'ఓవ్నా' అని తోక తగిలించి కలిపి పిలుస్తారు. అదే గౌరవం.

"నా పేరు అనంతలక్ష్మి. అంతకు తోక కూడానా? నీ నోట పట్టదు, మేడమ్ చాలు," అని ఆమె సిగ్గుపడి పుస్తకం తిప్పేసింది. 'వాజ్' పాఠంనాడు మాత్రం ఉదాహరణ కోసం వెతుక్కుంటూ, "మై ఫాదర్ వాజ్ సూర్యనారాయణ. హీ వాజ్ ఎ పోస్ట్‌మాస్టర్," అంది. ఐజాదా పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి.

ఇంటర్వ్యూ ముందురోజు సాయంత్రం ఆ పిల్ల పుస్తకం మూసి అడిగింది.

"మేడమ్, యామ్ ఐ రెడీ?"

ఒక్క మాట, 'నాట్ యెట్' అంటే చాలు. ఇంకో రెండు నెలలు. ఇంకో రెండు నెలలు ఎదురుగా ఒక కుర్చీ, ఒక టీ గ్లాసు, తప్పొప్పుల సవ్వడి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. పుస్తకం మీద ఐజాదా చేతులున్నాయి, ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలతో. తప్పును ఓర్చని నాలుక తప్పు చెప్పలేకపోయింది.

"యూ ఆర్ రెడీ," అంది అనంతలక్ష్మి. అని, పాలు పొంగుతాయంటూ వంటింట్లోకి నడిచింది. పొయ్యి మీద పాలు లేవు.

ఐజాదా నెగ్గింది. వెళ్ళే ఉదయం గుమ్మంలో కౌగిలించుకుంది. "వేళకు తిను," అని తెలుగులో అనేసి, ఇంగ్లీషులోకి మార్చడం మరిచిపోయింది అనంతలక్ష్మి. తలుపు మూసి వచ్చి బియ్యం కడిగింది. కడిగిన బియ్యమే మళ్ళీ కడిగింది.

అవతల పెట్టె చక్రాలు దొర్లాయి. వీధిలో వ్యాను హారన్ కొట్టింది. చక్రాలు వంటింటి గోడ దగ్గరకు వచ్చి ఆగాయి. 'బై మేడమ్' అంటుంది కాబోలు, అనుకుంది. తడిచేతిని గోడకు ఆనించి నిలబడింది.

గోడ గొంతు సవరించుకుంది. తరువాత, ఎన్నాళ్ళో దాచి దాచి సాధన చేసినట్టు, ఒక్క అక్షరమూ జారకుండా పలికింది.

"అనంతలక్ష్మీ సూర్యనారాయణోవ్నా."