ఒకే వైపు చుక్కలు

చేపల వేట సరదా ఉన్నవాళ్ళని సముద్రం మీదికి తీసుకెళ్ళే ఆనందకుమార్ గారి పడవకి నాలుగు గాలం రాడ్లు శనివారం నాటికి కట్టివ్వాలి. అవి నచ్చితే ఆ పడవ మీద రాడ్ల పనంతా ఇకమీదట నాకే ఇస్తానన్నారు. నా వల్ల పని చెడిపోతే మాత్రం సోమవారం నుంచి పోర్టు కాంట్రాక్టరు ఆఫీసులో, లారీల కాటా దగ్గర కంప్యూటరు ముందు కూర్చుంటాను. ఈ మాట నేను మా అక్క రోజారమణికి ఇచ్చాను. చేతిలో చెయ్యి వేసి మరీ ఇచ్చాను.

'నా వల్ల చెడిపోతే' అన్నది నేను పెట్టిన షరతు. కరెంటు పోయి పని పాడైనా, చెన్నై నుంచి సరుకు రాకపోయినా అది నా తప్పు కాదు, అప్పుడు ఇంకో అవకాశం ఇవ్వాలన్నాను. అక్క ఒప్పుకుంది.

"అలగేరా మణీ. నీకు సేతకాక పోతేనే. తర్వాత మాట మార్చకూడదు మరి."

"మార్చను."

మాది పద్మనాభం దగ్గర పల్లె. మా వంశంలో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కణ్ణే. నాన్న పోయాక అక్కే నన్ను మల్కాపురం తెచ్చి తన ఇంట్లో ఉంచుకుంది. రొయ్యల కంపెనీలో రోజంతా మంచునీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచి నన్ను చదివించింది. బావ దొరబాబుకి పోర్టులో క్రేను మీద పని. వాళ్ళ నాన్న ఎప్పుడో కాకినాడ వైపు నుంచి పోర్టు పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆ ఇంట్లో నన్ను తిట్టడం బావ పని, వెనకేసుకురావడం అక్క పని.

చదువుకునే రోజుల్లో సాయంత్రాలు హార్బరు దగ్గర ఒక గాలాల కొట్లో పనిచేశాను. గాలం తీగ దూరే రింగులు ఊడిపోతే అతకడంతో మొదలుపెట్టి, మెల్లగా రాడ్డు మొత్తం కట్టడం నేర్చుకున్నాను. కొట్టు మూసేశాక ఇంటిమీది రేకుల గదిలో నేనే కట్టడం మొదలుపెట్టాను. సరదాకి చేపలు పట్టేవాళ్ళు ఈ ఊళ్ళో తక్కువేమీ కాదు. రుషికొండ రాళ్ళ మీద నిలబడేవాళ్ళున్నారు, పడవ అద్దెకి మాట్లాడుకుని పార చేప కోసం సముద్రం లోపలికెళ్ళేవాళ్ళున్నారు. పెద్ద పార ఒక్కసారి లాగిందంటే కొట్లో కొన్న రాడ్డు రింగులు పీక్కుపోతాయి. అందుకే చేత్తో కట్టినవి అడుగుతారు.

పని చూడ్డానికి తేలిక. బోలు కర్ర ఒకటి వస్తుంది, కార్బన్‌ది. దాన్ని నేలకి ఆనించి వంచి చూస్తే ఒక వైపుకి తనంతట తాను తిరుగుతుంది. ఆ వైపు చూసుకుని రింగులు పెట్టాలి. రింగు కాళ్ళ మీద సన్నటి దారం, చుట్టు పక్కన చుట్టు, మధ్యలో గోరు కూడా దూరకుండా చుట్టాలి. ఆ దారం మీద మందు పూయాలి. మందంటే రెండు సీసాల్లో వచ్చే ఎపాక్సీ జిగురు. రెండూ సమపాళ్ళలో కలపాలి. ఏమాత్రం తేడా వచ్చినా గట్టిపడదు, వేలికి అంటుకుంటూనే ఉంటుంది. గట్టిపడేదాకా రాడ్డుని నెమ్మదిగా తిప్పుతూనే ఉండాలి. ఆపితే మందు కిందికి జారి చుక్కలై వేలాడుతుంది.

తిప్పడానికి నేను నాలుగు చిన్న మోటార్లు కొన్నాను. పందిళ్ళలో వినాయకుడి తల వెనక రంగుల చక్రం తిప్పుతారే, అవే. నాలుగింటినీ ఒక చెక్క మీద బిగించి ఒకే ప్లగ్గు ఇచ్చాను.

"ఒరే, రేపు పెళ్ళిసూపుల్లో కుర్రోడేటి సేత్తాడని అడిగితే కర్రకి దారం సుడతాడని సెప్పాలేట్రా?" అన్నాడు బావ, ఆ మోటార్లు చూసి.

"నువ్వు సుట్టేదేటున్నాది, సుట్ట కాల్సడం తప్ప" అంది అక్క. "ఆడు పనికొచ్చేదే సుడతన్నాడు. తిను."

బావ నవ్వి, "డిగ్రీ సదివించింది ఇందుకా అని అడుగుతన్నాను, తప్పా?" అన్నాడు. ఆ మాటకి మాత్రం అక్క అడ్డు చెప్పలేదు. గొడవ పెరక్కూడదని ఊరుకుందనుకున్నాను అప్పుడు.

గురువారం సాయంత్రం ఆఖరి పూత వేశాను. నీలం దారం, అంచున సన్నటి వెండి గీత. అక్క పైకొచ్చి గుమ్మంలో నిలబడి చూసింది.

"పట్టుసీర అంచులాగున్నాదిరా" అంది.

"ముట్టుకోకక్కా."

"ముట్టుకోనులే. ఒరే, పిండిమరకి ఎల్లి బియ్యం ఆడించుకొచ్చీ. రేప్పొద్దున్న మరి పిండి నేదు. ఇవి ఆటి మానాన అవి తిరుగుతాయి గదా, నాను సూత్తాను."

దుమ్ము పడకుండా రాడ్ల మీద అట్టపెట్టె బోర్లించి వెళ్ళాను. మర దగ్గర జనం ఉన్నారు. కూర్చుని నా వంతు వచ్చేదాకా ఆగాల్సొచ్చింది. తిరిగొచ్చేసరికి మోటార్లు తిరుగుతున్నాయి. ఆ దశలో పెట్టె తీసి చూడకూడదు. నేను తియ్యలేదు.

శుక్రవారం పొద్దున్న పెట్టె తీశాను. ప్రతి రింగు దగ్గరా మందు జారి, చుక్కలు కట్టి, రాయిలా గట్టిపడి ఉంది. నాలుగు రాడ్లూ అంతే. కోసి, పీకి, మళ్ళీ కట్టాలంటే రోజులు పడతాయి. మర్నాడే పడవ వెళ్ళాలి.

కిందికి పరుగెత్తాను. "అక్కా, నిన్న నేను లేనప్పుడు కరెంటు పోయిందా?"

అక్క పెనం మీది అట్టు తిప్పుతోంది. "నేదురా."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారీ పోనేదు. నానిక్కడే ఉన్నాను గదా." నా మొహం చూసి అట్లకాడ పక్కన పెట్టింది. "ఏటయ్యింది?"

చెప్పాను. పైకొచ్చి చూసింది. చాలాసేపు చూసి, "మందు సరిగ్గా కలవనేదేమోరా" అంది.

కరెంటు పోలేదంటే మరి అంతే. నేను కలపడమే తప్పయి ఉండాలి. ఆనందకుమార్ గారికి ఫోను చేసి, తప్పు నాదేనండీ, మందు కలపడంలో పొరపాటు జరిగిందని చెప్పాను. ఆయన తిట్టలేదు. "సరేలే బాబూ, ఎవర్నో అడిగి తెచ్చుకుంటాను" అని పెట్టేశారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రోజంతా అక్క నా పక్కనే ఉంది. డ్యూటీకి వెళ్ళలేదు. వంజరం ముక్కలు తెప్పించి పులుసు పెట్టింది. నేను తినలేకపోతే ముద్దలు కలిపి నోటికి అందించింది.

"అందరికీ అన్ని పన్లూ రావురా. నీ సేతులు రాతకి పుట్టినియ్యి. ఇందులో సిగ్గేటున్నాది?"

"సోమవారం చేరతానక్కా."

"మా నాయనే" అంది. కళ్ళు తుడుచుకుంది. బావ కూడా ఆ రోజు నన్నేమీ అనలేదు.

శనివారం మధ్యాహ్నం గది సర్దడానికి పైకెళ్ళాను. దారం కండెలు, బ్లేళ్ళు, సీసాలు ఒక సంచిలో వేస్తుంటే, మందు కలిపిన కాగితం గ్లాసు చేతికొచ్చింది. పూత వెయ్యగా మిగిలింది అడుగున ఉంది. కలిపిన పుల్ల అందులో నిలువుగా బిగుసుకుపోయింది. గోరుతో గీశాను. గీత పడలేదు. గ్లాసు చింపితే అద్దం బిళ్ళలాంటిది బయటికొచ్చింది, నీళ్ళంత తేటగా. కలపడంలో తేడా వచ్చిన మందు అలా గట్టిపడదు.

రాడ్డు ఒకటి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పట్టుకుని చూశాను. మొదటి రింగు నుంచి కొస దాకా చుక్కలన్నీ ఒకే వైపున, తాడు పట్టి గీసినట్టు వరసగా ఉన్నాయి. రెండోదీ అంతే. మూడోదీ, నాలుగోదీ అంతే. తిరుగుతున్న రాడ్డు మీద మందు ఒకే వైపుకి జారదు. నాలుగూ ఒక్కసారే ఆగాయి. మందు జారి చిక్కబడేదాకా ఆగి, తర్వాత మళ్ళీ తిరిగాయి. కరెంటు పోలేదని అక్కే అంది. నేను వచ్చేసరికి మళ్ళీ తిరుగుతున్నాయి, అంటే ఎవరో స్విచ్చి ఆపి, తర్వాత వేశారు.

నాకు మొదట బావ గుర్తొచ్చాడు. బావ అయ్యుంటే బాగుండునని నిజంగా కోరుకున్నాను. కానీ గురువారం బావది సాయంత్రం షిఫ్టు. ఇంట్లో ఉన్నది ఒక్కరే.

ఆ నాలుగు రాడ్లూ నిన్న కూడా ఇలాగే ఉన్నాయి. నేను చూడలేదు. అక్క 'పోనేదు' అంది కాబట్టి చూడాల్సిన పని లేదనుకున్నాను.

కిందికెళ్ళాను. అక్క నా తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఒక రాడ్డు ఆ చొక్కా పక్కనే పెట్టాను.

"స్విచ్చి ఎందుకు ఆపావక్కా?"

అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. కాదంటుందనుకున్నాను. ఏ చీపురో తగిలిందంటుందనుకున్నాను. అలా అన్నా నమ్మేవాణ్ణి.

"ఎలగ తెలిసింది?" అంది.

"ఎందుకు ఆపావు?"

"ఎందుకంటే ఏటి సెప్పమంటావు. నీకా ఆర్డరొస్తే నువ్వింక ఆ రేకుల గదిలోనే ఉండిపోతావు. బావ ఎంతమంది కాళ్ళట్టుకుంటే ఆ కాటా ఆఫీసు సీటొచ్చిందో నీకేటి తెల్సు. నాను మంచునీళ్ళలో సేతులు కుళ్ళబెట్టుకున్నది నువ్వు ఫేను కింద కూకోవాలని."

"ఆ మాట అడగొచ్చు కదా. మానెయ్యరా అంటే మానేసేవాణ్ణి. నువ్వంటే కాదన్నానా ఎప్పుడైనా?"

"తెల్సు. అడిగితే మానేసేవోడివే."

"మరి?"

అక్క చొక్కా కాలరు వేళ్ళతో సవరిస్తూ నెమ్మదిగా చెప్పింది. "అడిగి మానిపిస్తే బతికినన్నాళ్ళూ అక్క వల్లే పోనాదనుకుంటావు. నీకే సేతకానేదనుకుంటే నామీద కోపముండదు గదా. అందుకే కరెంటు పోనేదని సెప్పీసినాను. పోయిందంటే నువ్వు మళ్ళీ ఇంకోసారి అంటావు."

రాడ్డు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. నన్ను బాధపెట్టింది నా పని పాడవడం కాదు. పని మళ్ళీ చేసుకోవచ్చు. నేను దేనికీ పనికిరానని నాకే నమ్మకం కుదిరేలా చేసి, ఆ ఏడుపు ఏడుస్తుంటే పక్కన కూర్చుని నాకు ముద్దలు కలిపి పెట్టింది. పెడుతున్నప్పుడు ఆమెకి తెలుసు.

"నిన్న నేను తినలేకపోతుంటే కూడా చెప్పాలనిపించలేదా?"

"అనిపించింది" అంది అక్క. "బావకి సెప్పకురా. సీటు కోసం బావ తిరగని గుమ్మం నేదు. తెలిస్తే నన్ను సంపేత్తాడు."

ఆదివారం హార్బరుకి వెళ్ళాను. ఆనందకుమార్ గారు అప్పుడే చర్చి నుంచి వచ్చి, తెల్ల బట్టల్లోనే పడవ కడిగిస్తున్నారు. రాడ్లు మళ్ళీ కడతానని, ఖర్చు నాదేనని, కొంచెం చోటు ఇస్తే ఇక్కడే కూర్చుని కడతానని అడిగాను.

"ఇంట్లో ఏటయ్యింది?"

"ఇంట్లో కుదరదండీ."

"అసలు ఎలగ పాడయ్యాయి బాబూ అవి? నీ పని నాను సూసేను గదా. మందు కలపడం తెలీనోడివి కావు నువ్వు."

ఆయన నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. చెబితే ఆ పడవ పని అప్పుడే నా చేతికొచ్చేది. చెప్పాలంటే మా అక్క ఏం చేసిందో ఒక బయటి మనిషికి చెప్పాలి.

"మందే సరిగ్గా కలవలేదండీ" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. వలల షెడ్డులో ఒక మూల చూపించారు. "కట్టుకో. కట్టేక సూత్తాను. ఈసారి పని నీకేనని మాటివ్వను. నా మాట నమ్మి వచ్చేవోళ్ళుంటారు పడవ మీదకి."

సోమవారం పొద్దున్న మోటార్ల చెక్క భుజానికెత్తుకుని, రాడ్లు రెండో చేత్తో పట్టుకుని మెట్లు దిగాను. బావ రాత్రి షిఫ్టు దిగి వచ్చి వసారాలో టీ తాగుతున్నాడు.

"ఏట్రా ఇది? ఆఫీసుకి సెక్క మోసుకెల్తావేటి?"

"ఆఫీసుకి కాదు బావా. హార్బరుకి."

గ్లాసు కింద పెట్టాడు. "ఇయ్యాల సేరాలి నువ్వు. నాను ఆ సూపర్‌వైజరుకి ఏటి సెప్పాలి?"

"రానన్నానని చెప్పు."

"సెప్పాలా? నీ కోసం ఆడి ఇంటికి ఎన్నిమార్లు ఎల్లినానో తెల్సా? నువ్వు మాటిచ్చినావు, మీ అక్క సేతిలో సెయ్యేసి. నా ముందే ఇచ్చినావు. నీకు సేతకాకపోతే సేరతానన్నావు. సేతకానేదు. ఊరంతా సెప్పుకున్నావు సేతకానేదని. ఇప్పుడిదేటి?"

నేను అక్క వైపు చూశాను. గుమ్మంలో నిలబడి ఉంది. టిఫిను డబ్బా చేతిలో ఉంది.

"సూడు దాని మొహం" అన్నాడు బావ. గొంతు పెద్దగా లేదు, అందుకే ఎక్కువ తగిలింది. "సదువుకున్నోడివి గదరా. కూలోడైనా ఇచ్చిన మాట మీద నిలబడతాడు. పనికిమాలినోడివైతే అయ్యావు, మాట తప్పినోడివి కూడా ఎందుకయ్యావు?"

చెక్క భుజం మీద జారుతోంది. సర్దుకున్నాను. సర్దుకోవడానికి అంతసేపు అక్కర్లేదు. అయినా అక్కడే నిలబడ్డాను. అక్క ఒక్క మాట అంటే చాలు. 'ఆణ్ణేటీ అనకు' అంటే చాలు. ఎందుకో చెప్పక్కర్లేదు. ఇన్నేళ్ళూ బావ నన్ను ఎంత చిన్న మాటన్నా ఆ మాట అనేది.

అక్క బావ వైపు చూసింది. నా వైపు చూసింది. మెట్టు దిగి దగ్గరికొచ్చింది.

"డబ్బా అట్టుకెల్లరా" అంది. "పులిహోర కలిపినాను."

"చేతులు ఖాళీ లేవక్కా" అన్నాను.

డబ్బా పట్టుకుని అలాగే నిలబడింది. చెక్క గేటుకి తగలకుండా పక్కకి తిప్పుకుని రోడ్డు మీదికి వచ్చాను.