రాసే హక్కు

గసగసాల కేకు కొనకుండా ఉండాల్సింది, చేసిన పనికి మళ్లీ కేకు తోడా, ఒళ్లో పెట్టుకున్న ఈ అట్టపెట్టె ట్రామ్ మలుపు తిరిగినప్పుడల్లా జారుతోంది, రెండు చేతులతో పట్టుకుంటున్నాను, ఈ చేతుల్లోనే ఒకటి పొద్దున మౌస్ మీద ఉంది, ఒక్క నొక్కు, అంతే, నిజంగా తొలగించాలా అని తెర అడిగింది, అడిగినందుకైనా నేను ఆగలేదు, అవును అన్నాను, మా సర్వర్ సభ్యుల్లోంచి మా ప్రొఫెసర్ ఒట్టోకార్ ప్రోహాస్కా గారి పేరు మాయమైపోయింది, ఒక మనిషిని ఆయన కట్టిన ఇంట్లోంచే బయటికి పంపి తలుపేస్తే కనీసం గడియ చప్పుడైనా వినపడుతుంది కదా, అదీ లేదు, ఇప్పుడు ఆయన దగ్గరికే వెళ్తున్నాను, ప్రతి మంగళవారం వెళ్లినట్టే, కాఫీకి, ఏమీ జరగనట్టు, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు.

ఆయన కట్టిన ఇల్లే మరి, ఆర్ అనే ఈ గణాంక సాఫ్ట్‌వేర్ ఏ ఒక్కరి సొత్తూ కాదు, దీన్ని అమ్మేవాళ్లూ లేరు కొనేవాళ్లూ లేరు, ఎక్కడెక్కడి వాళ్లో తీరిక చేసుకుని తలా ఒక ముక్క రాసి అందరి ముందూ పెడతారు, ఆ ముక్కలనే ప్యాకేజీలంటాం, ప్రొఫెసర్ గారి ముక్క పసిపిల్లల ఎదుగుదలది, బరువూ పొడుగూ ఇస్తే బిడ్డ వయసుకు తగ్గట్టు పెరుగుతోందో లేదో చెబుతుంది, ఏయే దేశాల ఆసుపత్రుల్లో వాడుతున్నారో ఆయనకే తెలియదు, ఇంత కష్టపడి ఊరికే ఎందుకిచ్చేశారండీ అని చదువుకునే రోజుల్లో అడిగితే, బావి తవ్వినవాడు గట్టు మీద కూర్చుని టికెట్లు అమ్ముతాడటే పిల్లా అన్నారు, ఆ రోజుల్లోనే ఆయన కోడ్‌లో ఒక తప్పు కనపడి, చెప్పాలా వద్దా అని వణికిపోయి చివరికి చెప్పాను, ఆయన గదిలో అందరి ముందూ లేచి నిలబడి, ఇదిగో ఈ హెర్మినె నా చెవి మెలేసింది, ఇవాళ్టి నుంచి దిద్దే పని దీనిదే అని ప్యాకేజీ కోడ్‌లో నాకు రాసే హక్కు ఇచ్చారు, తప్పు పట్టినందుకు నాకు తాళం చేతికిచ్చిన మనిషి, తప్పు చేసినందుకు ఆయన తాళం నేను లాక్కున్నాను, ట్రామ్ ఆగింది, ఎవరో ముసలాయన ఎక్కాడు, ప్రొఫెసర్ గారు పెట్టుకునే రకం టోపీయే, మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాను, మళ్లీ చూస్తే ఆయన కాదు.

తప్పు చిన్నదైతే బావుండేది, నిరుడు చలికాలం నుంచీ చిన్నవే చేశారు, నిన్న దిద్దింది ఇవాళ చెరిపేసి మళ్లీ దిద్దేవారు, అడిగిందే అడిగేవారు, నేను వెనకాలే నడిచి చక్కబెట్టేదాన్ని, ఎవరికీ తెలియకుండా, అదొక గర్వం కూడాను నాకు, కానీ వసంతంలో ఆయన మగపిల్లల పట్టికనీ ఆడపిల్లల పట్టికనీ తారుమారు చేశారు, నేను ఊళ్లో లేను, అది అలాగే జనంలోకి వెళ్లిపోయింది, నిక్షేపంలాంటి ఆడపిల్లలు తూకం చాలనట్టు కనపడ్డారు, పోర్తో నుంచి ఒక డాక్టరమ్మ అందరూ చూసే చోటే రాసింది, మీ లెక్క నమ్మి ఒక తల్లికి నీ బిడ్డ ఎదగడం లేదని చెప్పాను, నా పాలు చాలడం లేదేమోనని ఆవిడ ఏడుస్తూ ఇంటికెళ్లింది, ఇప్పుడు ఆవిడకి నేనేం చెప్పను అని, దానికి ప్రొఫెసర్ గారు, ఆ మార్పు నేను చేసినట్టు నాకు గుర్తులేదు, క్షమించండి అని జవాబిచ్చారు, నేను పట్టికలు సరిచేశాను, పోయిన వారం ఆయన మళ్లీ తారుమారు చేశారు, బయటికి పోకముందే పట్టుకున్నాను, అప్పుడు ఆర్హుస్ నుంచి టోర్బెన్ ఫోన్ చేశాడు, ప్యాకేజీ చూసుకునే ముగ్గురిలో మూడోవాడు, చూడు హెర్మినే, ఆయనంటే నాకూ ప్రాణమే, కానీ ఆ కాటా మీద ఉండేది పసిబిడ్డలు, నువ్వు చెప్తావా నన్ను చెప్పమంటావా, వద్దొద్దు నేనే చెప్తాను, చెప్పి తీసేస్తాను అన్నాను, తీసెయ్యడం అయింది, చెప్పడమే కాలేదు, ఆయనకి తెలియనే తెలియదులే, ఎప్పుడో తెరుస్తారు, పేరు లేదు కనక సర్వర్ లోపలికి రానివ్వదు, మూసేస్తారు, రేపటికి అదీ మర్చిపోతారు అనుకున్నాను, ఛీ, ఆయన మరుపు మీద లెక్క కట్టుకున్నాను, లెక్కలు నేర్పిన మనిషి మరుపు మీద.

మెట్లు ఎక్కేసరికి ఆయన భార్య ఎడిత్ గారు తలుపు తీసి నిలబడి ఉన్నారు, వచ్చావా తల్లీ అని గుసగుసగా, పొద్దున్నించీ ఆ కంప్యూటర్ ముందునుంచి లేవలేదమ్మా, అన్నం ముట్టలేదు, పాస్‌వర్డ్ మర్చిపోయాట్ట, పెళ్లిరోజు మర్చిపోయినప్పుడు కూడా మహారాజుకి ఇంత బెంగ లేదు, నవ్వబోయి ఆవిడే కళ్లు తుడుచుకున్నారు, నా చేతిలో అట్టపెట్టె ఆవిడ తీసుకున్నారో నేనే ఎక్కడైనా పెట్టానో, లోపల బల్ల ముందు ఆయన, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, చుట్టూ కాగితం ముక్కలు, ఒక్కో ముక్క మీదా ఒకే పదం, పెద్దక్షరాలతో, చిన్నక్షరాలతో, తిరగేసి, రావే రా, అయిపోయిందే నా పని అన్నారు, ఇన్నేళ్లుగా ఒక్కటే పాస్‌వర్డ్, ఎడిత్‌ని నేను పిలుచుకునే ముద్దుపేరు, అదే కొడుతున్నా, కాదంటోంది, పేరే మారిపోయిందో నా బుర్రే చెదిరిపోయిందో, మిగతావి పోతే పోయాయి అనుకున్నా, ఇది కూడానా, అంటూ వేళ్లు చూసుకున్నారు, వేళ్లు చేసిన నేరమేదో ఉన్నట్టు, పోన్లే, నువ్వు కొత్తది పెట్టించి ఇవ్వవూ, ఈసారి రాసి దాచుకుంటా.

సరే అంటే చాలు, అలాగేనండీ చూస్తాను అంటే చాలు, వచ్చే మంగళవారానికి ఈ మాటే ఉండదు, నేను కల్పించక్కర్లేకుండా అబద్ధాన్ని ఆయనే తయారుచేసి నా చేతిలో పెడుతున్నారు, కుర్చీ లాక్కుని కూర్చున్నాను, ఆ కాగితం ముక్కలు, మనిషి తన భార్య పేరుని తనే అనుమానించి ఇన్ని రకాలుగా రాసుకున్నాడు, నా ఒక్క నొక్కుకి, ప్రొఫెసర్ గారూ, అది నేనే చేశాను, పొద్దున సర్వర్‌లోంచి మీ పేరు తీసేశాను, పట్టికలు మళ్లీ తారుమారయ్యాయి, మీరే చేశారు, పోయిన వారం, మీకు చెప్పి తీద్దామనుకున్నాను, చెప్పలేకపోయాను, ఒక్క గుక్కలో అనేశాను, ఎడిత్ గారు కాఫీ కప్పుతో గుమ్మం దాటి లోపలికొచ్చారు, ఇప్పుడు ఆయన మొహం చూడాలి, దీనికి భయపడే కదా ఇదంతా, చూశాను.

అంటే, పాస్‌వర్డ్ తప్పు కాదా అన్నారు, కాదండీ, మొదటిసారి కొట్టిందే కరెక్టా, కరెక్టేనండీ, ఎడిత్, విన్నావా ఎడిత్, నేను మర్చిపోలేదట, అని గది అదిరేలా అరిచారు, మొహంలోకి రక్తం తిరిగొచ్చింది, కాగితాలన్నీ ఒక్క తోపు తోశారు, అప్పుడు నావైపు తిరిగారు, ఆ చూపు నాకు తెలుసు, పరీక్షలో కాపీ కొట్టినవాడి మీద పడే చూపు, ఏమే, తీసెయ్యాల్సిందే, పసిపిల్లల బరువుతో ఆటలా, నీ స్థానంలో ఉంటే నేనూ తీసేవాణ్ణి, కానీ చెప్పి తియ్యాలి కదుటే, పొద్దున్నించీ నన్ను నేను తిట్టుకుంటున్నానే, తిట్టాల్సింది నిన్నైతే, తిట్టండి అన్నాను, తిట్టడం మొదలుపెట్టారు, కడుపారా, పాత రోజుల్లో లాగా, మధ్యలో ఒక మాట అందక తడుముకున్నారు, నేను అందించలేదు, తనే వెతికి పట్టుకుని మళ్లీ అందుకున్నారు, తల వంచుకుని వింటున్నాను, ఆయన నొచ్చుకుంటారని దాచాననే కదా దారంతా నాకు నేను చెప్పుకున్నది, ఇప్పుడు అదేమీ నిలవడం లేదు, ఒక్కటే నిలిచింది, ఆయన జ్ఞాపకం ఇవాళ ఒక్క విషయంలో నిజంగా నిలబడింది, అది నిజమని చెప్పగలిగిన సాక్షిని లోకంలో నేనొక్కదాన్నే, పొద్దున్నించీ నోరు మూసుకుని కూర్చున్నాను.